పొగ లేని నిప్పు

చలికాలం వచ్చిందంటే రాళ్లపుట్టులో తలుపులన్నీ ఈశ్వరమ్మను చూసి మూసుకుంటాయి. ఆమె వీధిలో నడుస్తుంటే అరుగుల మీద చలి కాచుకునేవాళ్లు మాట ఆపేస్తారు. ఆమె దాటిపోయాక, ఆమెకు వినబడేంత గొంతుతోనే ఎవరో ఒకరు అంటారు. "అదిగో, ఇనస్పెట్టరమ్మ బయలెల్లినాది. కిటికీలు సూసుకోండర్రా." మిగతావాళ్లు నవ్వుతారు. ఈశ్వరమ్మ వెనక్కి తిరగదు. తిరిగితే మాట అంటుంది. ఆమె మాట అంటే ఆ పూట అవతలివాళ్లకు అంబలి కూడా గొంతు దిగదు.

ఒకప్పుడు ఇలా లేదు. హుకుంపేట సంత రోడ్డు వదిలి కొండెక్కితే కనబడే ఆ నలభై గడపల్లో ఎక్కడ పురుడొచ్చినా ముందు ఈశ్వరమ్మకే కబురు వెళ్లేది. ఆమె మంత్రసాని కాదు. నిప్పు చూసే మనిషి. బాలింత మంచం కింద పదకొండు రోజులపాటు కుంపటి ఆరిపోకుండా, ఎగిసిపడకుండా నడపడం ఆమె పని. చేతకానివాళ్లు పెడితే గదంతా పొగ చూరి తల్లి కళ్లు వాచిపోతాయి, బిడ్డ దగ్గి దగ్గి నీలిగిపోతుంది. ఈశ్వరమ్మ నిప్పుకు పొగ ఉండదు. చింతమొద్దులు తెచ్చి బయట వాకిట్లో తగలేసేది. మంట మొత్తం చచ్చి, మొద్దు లోపలిదాకా ఎర్రబడి, ఒక్క నీలం నాలుక కూడా లేవకుండా అయ్యేవరకు ఆగేది. అప్పుడు ముక్కలు కొట్టి కుంపట్లో పేర్చి, పైన పిడికెడు బూడిద జల్లి మంచం కిందకి తోసేది. మీద నాలుగు వాము గింజలు. అంతే. తెల్లారేదాకా ఆ నిప్పు కనుపాపలా మెరుస్తూ ఉండేది. "ఈశ్వరమ్మ పెట్టిన నిప్పు పక్కన పాము కూడా నిద్దరోతాది" అనేవాళ్లు ఊళ్లో. ఆ మాటంటే ఆమెకు ఎంత గర్వమో పైకి చూపించేది కాదు.

ఆరేళ్ల కిందట ఊరంతా కాలనీ ఇళ్లలోకి మారింది. పాత ఇళ్లు మట్టి గోడలవి, పైన గడ్డి కప్పు. గోడ ఆగినచోటికీ కప్పు మొదలయ్యేచోటికీ మధ్య బెత్తెడు సందు ఉండేది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఎలక వచ్చే దారి అని తిట్టుకునేవాళ్లు. కొత్త ఇళ్లకు పైన స్లాబు. గదికి ఒక తలుపు, ఒక రేకు కిటికీ, స్లాబుకింద సిమెంటు జాలీతో రెండు వెంటిలేటర్లు. మొదటి చలికాలంలోనే ఆ జాలీల్లోంచి మంచు దూరి వస్తోందని అందరూ ఎరువు గోనెలు, పాత చీరలు కుక్కేశారు. ఇక ఇల్లంటే డబ్బా. లోపల పొయ్యి, లోపలే తడిబట్టలు, లోపలే మనుషులు. గోడలకు నల్లగా బూజు పట్టింది. "ఎంత ఎచ్చగుందో" అని మురిసిపోయారు.

ఆ చలికాలంలోనే ఈశ్వరమ్మ కూతురు చిట్టి పురిటికి వచ్చింది. మగబిడ్డ. తన కూతురికి పెట్టే నిప్పు కదా అని ఈశ్వరమ్మ ఎన్నడూ పెట్టనంత మంచి నిప్పు పెట్టింది. పొగ లేదు, వాసన లేదు. తలుపు దగ్గరగా వేసి నీళ్లకి వెళ్లింది. అక్కడ నలుగురు కనబడితే నిలబడి మాట్లాడింది. తిరిగి వచ్చేసరికి చిట్టి వాంతి చేసుకుని, కళ్లు తేలేసి పడి ఉంది. బిడ్డ పలకలేదు. చిట్టిని డోలీ కట్టి ఆస్పత్రికి మోశారు. బతికింది. బిడ్డ బతకలేదు.

ఆస్పత్రిలో నర్సమ్మ మూడే మూడు ప్రశ్నలు అడిగింది. గదిలో బొగ్గులు పెట్టారా? తలుపులు మూశారా? పిల్ల తలనొప్పి అన్నదా? మూడింటికీ ఈశ్వరమ్మ తల ఊపింది. "పొగ లేదని మోసపోయారమ్మా. బొగ్గు నిప్పులోంచి వచ్చే విషానికి రంగుండదు, వాసనుండదు. బయటకి పోయే దారి లేకపోతే నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది" అని నర్సమ్మ చెప్పింది. పాతికేళ్లుగా ఎందరి మంచాల కిందనో తను పెట్టిన కుంపట్లు ఈశ్వరమ్మ కళ్లముందు తిరిగాయి. వాళ్లందరినీ కాపాడింది తన చేతి పనితనం కాదని, ఆ బెత్తెడు సందని అప్పుడు తెలిసింది.

ఊరు మాత్రం వేరే మాట అనుకుంది. ఊరిని కాసే నిశాని దేవతకు కోడి కొయ్యకుండా కొత్త ఇళ్లలో అడుగుపెట్టినందుకే ఇలా అయిందని తేల్చింది. ఆ మాటకు ఈశ్వరమ్మ కూడా తల ఊపి ఉంటే సరిపోయేది. నలుగురూ వచ్చి ఓదార్చేవాళ్లు. ఆమె అందరి మధ్యా నిలబడి, "దేవత కాదు. నాను సంపినాను. మీరూ సంపుతారు, ఆ గోనెలు తియ్యకపోతే" అంది. మొదటి మాటకు జాలిపడేవాళ్లే. రెండో మాటను ఎవరూ క్షమించలేదు. గూడెం కొత్తవీధి దగ్గర అత్తవారి ఊరికి చిట్టి వెళ్లిపోయింది. తల్లితో ఫోన్లో కూడా మాట్లాడదు.

అప్పటినుంచి ప్రతి చలికాలమూ ఈశ్వరమ్మ కర్ర పట్టుకుని ఇళ్లమీద పడుతుంది. బతిమాలడం ఆమెకు చేతకాదు. నిలబెట్టి వివరించడమూ రాదు. నేరుగా లోపలికి వెళ్లి కర్రతో గోనె పొడిచి కింద పడేస్తుంది. కుంపటి కనబడితే కాలితో వాకిట్లోకి నెడుతుంది. పొయ్యి బయట చూరుకింద పెట్టుకోమంటుంది. మంచు విడిపోయాక బట్టలు బయట ఆరేసుకోమంటుంది. అన్నీ తిట్లలో కలిపి చెబుతుంది కాబట్టి జనం తిట్లే గుర్తుపెట్టుకుంటారు.

ఈ ఏడు పుష్యమాసంలో ఆమె ఆడపడుచు సోములమ్మ ఇంట్లో పురుడొచ్చింది. సోములమ్మ ఈశ్వరమ్మ భర్తకు అక్క. భర్త పోయాక ఆ ఇంటితో పొత్తు అంతంతే. ఇళ్లు మాత్రం పక్కపక్కనే. సోములమ్మ కొడుకు సుక్రు, కోడలు హేమలత. ఇంటర్ దాకా చదివిన పిల్ల, నోరు తక్కువ. ఆస్పత్రిలో ఆడపిల్లను కని నాలుగో రోజు ఇంటికొచ్చింది. అయిదో రోజు పొద్దున్న సోములమ్మ వాకిట్లో చింతమొద్దులు కాలడం ఈశ్వరమ్మ చూసింది.

కొళాయి దగ్గర పట్టుకుంది.

"వదినా, బాలింత గదిలో కుంపటెట్టినావంట."

"ఎట్టినాను. నీకేటి నొప్పి?"

"వెంటిలేటర్లకి గోనెలు కుక్కినావు. కిటికీ మూసినావు. ఒకటి తియ్యి, నిప్పయినా తియ్యి, గోనెలయినా తియ్యి."

"అయిదు రోజుల గుంటని సలిలో పడుకోబెట్టమంటావేటే?"

"తల్లి వొంటికి అద్దుకుని పడుకోబెట్టు. పైన రెండు దుప్పట్లు కప్పు. తల్లి వొంటి ఎచ్చదనం కంటే నీ కుంపటి గొప్పదేటి?"

సోములమ్మ బిందె చంకనెత్తుకుని, కొళాయి దగ్గరున్న నలుగురినీ ఒకసారి చూసి మరీ అంది. "నీ కూతురికి నువ్వే ఎట్టినావు కదే నిప్పు. అప్పుడేటయిపోనాది ఈ గ్యానం?"

కొళాయి కింద నీళ్లు ఇంకొకరి బిందెలోంచి పొర్లిపోతున్నా ఎవరూ కట్టలేదు.

"అప్పుడు లేదు. అందుకే ఒక గుంటడు పోనాడు. ఇప్పుడుంది, నీకు సెప్తన్నాను. ఇన్నాక కూడా గుంట పోతే అది నీ సేతులారా సేసినట్టే."

"నోరు కాదే అది, శాపాల బుట్ట. పుట్టిన పిల్లని పట్టుకుని సావంటావా?" సోములమ్మ బిందెలో నీళ్లు ఈశ్వరమ్మ కాళ్లమీద కుమ్మరించి, బిందె మళ్లీ నింపుకోకుండానే వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం సోములమ్మ కాఫీ గింజలు ఎండబెట్టుకునే కళ్లం దగ్గరికి వెళ్లడం చూసి ఈశ్వరమ్మ ఆ ఇంట్లో దూరింది. మంచం కింద కుంపటి అంచు పట్టుకుని బయటకు లాగి, నిప్పులు కాలవలో బోర్లించింది. లోపల్నుంచి హేమలత అరిచింది.

"సిన్నమ్మా, నీకు నానేటి సేసినాను? నాకు సలేత్తంది."

"సలికి సావవు. పడుకో."

సాయంత్రం సుక్రు ఆమె వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. కూర్చోలేదు. "అత్తా, నీ పెద్దరికం సూసి ఊరుకుంతన్నాను. ఇంకోసారి మా గుమ్మం ఎక్కితే కాళ్లిరుగుతాయి."

"ఇరగ్గొట్టు. డేక్కుంటా వత్తాను."

సుక్రు ఆమె కాళ్లు విరగ్గొట్టలేదు. హుకుంపేట వెళ్లి కొత్త ఇనుప గడియ కొనుక్కొచ్చి గది తలుపుకు లోపలివైపు బిగించాడు. మేకులు కొడుతున్న చప్పుడు ఈశ్వరమ్మ తన ఇంట్లో కూర్చుని విన్నది. తర్వాత సోములమ్మ గొంతు కూడా విన్నది. కావాలనే గట్టిగా చెబుతోంది కోడలికి. "మేం లేనప్పుడు గడియేసుకో. ఎవులు పిలిసినా తియ్యకు. ఆ పక్కింటిది పిలిత్తే అసలే తియ్యకు."

ఇప్పటిదాకా ఆ తలుపు దగ్గరగా వేసి ఉండేది, అంతే. ఇక గట్టిగా మూసుకుపోతుంది. తను కుంపటి లాగడానికి వెళ్లకపోతే ఆ గడియ వచ్చేది కాదు. ఆ సంగతి ఈశ్వరమ్మకు తెలుసు. అలాగని వెళ్లి మంచిగా చెబుదామంటే మంచి మాట నోటికి రాదు. రెండుసార్లు లేచింది, రెండుసార్లూ కూర్చుంది.

ఎనిమిదో రోజు సంత. రాజ్మా మూట బండికి కట్టుకుని సుక్రు, వెనక సోములమ్మ, పొద్దున్నే కొండ దిగిపోయారు. వెళ్లేముందు సోములమ్మ నిండు కుంపటి పెట్టి వెళ్లింది. చింతబొగ్గు, బాగా కాలినది, పైన బూడిద, నాలుగు వాము గింజలు. ఒకప్పుడు ఈశ్వరమ్మ చేస్తుంటే పక్కన కూర్చుని నేర్చుకున్న నిప్పే అది.

మంచు ఇంకా విడలేదు. ఎదురింటి చూరు కూడా కనబడటం లేదు. ఈశ్వరమ్మ వాకిట్లో చోళ్లు చెరుగుతోంది. చెవి మాత్రం పక్క గోడ మీద ఉంది. బిడ్డ ఏడిచింది. తల్లి జోకొట్టిన చప్పుడు. మళ్లీ ఏడిచింది. ఈసారి జోకొట్టలేదు. ఏడుపు సన్నబడింది, పిల్లికూన మూలిగినట్టు. తర్వాత అదీ లేదు.

అప్పుడు ఆ గదిలో ఫోన్ మోగింది. పాట అయిపోయేదాకా మోగి ఆగింది. మళ్లీ మోగింది. సంతలోంచి సుక్రు చేస్తున్నాడు కాబోలు. హేమలత ఫోన్ చేతిలో లేకుండా ఉండే పిల్ల కాదు. మూడోసారి మోగేసరికి ఈశ్వరమ్మ చేట విసిరేసి లేచింది.

"హేమా! ఒలే హేమా! గడియ తియ్యే!"

పక్కింటి గది తలుపు తెరుచుకోలేదు. భుజంతో నెట్టింది. సుక్రు పని గట్టిగానే చేశాడు. ఈశ్వరమ్మ పరుగున వెళ్లి దుంపలు తవ్వే గునపం తెచ్చింది. కిటికీ రేకు రెక్కమీద ఒక పోటు, రెండు పోట్లు. మూడో పోటుకు రెక్క లోపలికి ఊడిపడింది. చువ్వల మధ్యనుంచి వెచ్చటి గాలి మొహానికి కొట్టింది. వాసన లేదు. పొగ లేదు. ఎంత శుభ్రంగా ఉందో ఆ గాలి.

హేమలత మంచం మీద వెల్లకిలా పడి ఉంది. బుగ్గలు ఎర్రగా, ఆరోగ్యంగా ఉన్న మనిషిలా మెరుస్తున్నాయి. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. పక్కన గుడ్డలో బిడ్డ కదలడం లేదు. కిటికీకి చువ్వలున్నాయి, ఈశ్వరమ్మ చెయ్యి లోపలికి పోతుంది గాని గడియ అందదు.

"హేమా, లే! లేసి గడియ తియ్యి!"

హేమలత ఏదో గొణిగింది. "పడుకోనీ" అన్నట్టుంది.

అప్పుడు ఈశ్వరమ్మ తనకు వచ్చిన ఒకే ఒక్క విద్య బయటకు తీసింది. "లేవే మొద్దుముండా! ఇంటర్ సదివినావంట, గడియ తియ్యడం సేతకాదేటే? మీయమ్మ నీకు తినడం, తొంగోడం తప్ప ఏటీ నేర్పలేదా? అది కూడా నీలాంటి మొద్దేనా? మీ ఇంట పుట్టినోళ్లందరూ ఇంతేనా?"

హేమలత కళ్లు తిరిగాయి. "మాయమ్మని... అనకు" అంది నత్తిగా.

"అంటాను. ఏటి సేత్తావే? లేసి వచ్చి కొట్టు. రా! దమ్ముంటే వచ్చి కొట్టు!"

హేమలత మోచేతి మీద లేచింది. మంచం మీదనుంచి కింద పడింది. నేలమీద వాంతి చేసుకుంది. ఈశ్వరమ్మ తిడుతూనే ఉంది. వాళ్ల అమ్మను, అమ్మమ్మను, వాళ్ల ఊరిని, ఆ ఊరి ఏటిని. హేమలత ఏడుస్తూ, పాకుతూ, తలుపు దాకా వచ్చి, రెండు చేతులూ గడియ మీద వేసి వేలాడింది. గడియ జారింది.

ఈశ్వరమ్మ ముందు బిడ్డను ఎత్తి మంచులోకి తెచ్చింది. చీర చెంగులో చుట్టి, మొహం ఒక్కటీ బయట ఉంచి, అరిపాదాల మీద వేలితో కొట్టింది. ఒకసారి. మరోసారి. గుండెలో తను అరుస్తోందో బయటకు అరుస్తోందో ఆమెకే తెలియలేదు. బిడ్డ నోరు తెరిచింది, గాలి పీల్చింది, కీచుమంది. అప్పటికి అరుపులు విని ఇద్దరు ముగ్గురు వచ్చారు. వాళ్ల చేతికి బిడ్డనిచ్చి, హేమలతను చంకల కింద పట్టి అరుగుమీదకు ఈడ్చింది. "ఆస్పత్రి బండికి ఫోన్ సెయ్యండి. బొగ్గు విషం అని సెప్పండి. గాలి పెట్టాల, బేగి రమ్మనండి" అంది.

బండి కొండ కిందకి రాగానే తల్లీబిడ్డలను మోసుకుని దింపారు. ఈశ్వరమ్మ వెళ్లలేదు. ఒంటరిగా ఆ గదిలోకి తిరిగి వెళ్లి కుంపటి బయటకు తన్నింది. అది పగిలింది. తర్వాత బల్ల ఎక్కి, గునపంతో వెంటిలేటర్ జాలీలు రెండూ గోనెలతో సహా పొడిచి పడేసింది. అంతటితో ఆగలేదు. వెనక గోడ పైన, స్లాబుకింద, బెత్తెడు వెడల్పున ఒక కంత కూడా పొడిచింది. సిమెంటు పెళ్లలు తలమీద రాలుతుంటే పొడుస్తూనే ఉంది.

మూడో రోజు హేమలతను, బిడ్డను ఆస్పత్రినుంచి తెచ్చారు. ఆ సాయంత్రమే ఊరి పెద్ద మంగ్లు అరుగుమీద నలుగురూ కూడారు.

"నా ఇంటి గోడ కూల్చినాది. బాలింతని తిట్టి తిట్టి బయపెట్టినాది. ఆ బయానికే పిల్ల పడిపోనాది" అంది సోములమ్మ.

"ఆస్పత్రోళ్లేటన్నారు?" మంగ్లు అడిగాడు.

సుక్రు నేలచూపులు చూశాడు. "నిప్పు వల్లే అన్నారు తాతా. గాని కిటికీ పగలగొడితే సరిపోయేది కదా. గోడకి కంతెందుకు?"

"కిటికీ మళ్లీ మూత్తారు కాబట్టి" అంది ఈశ్వరమ్మ.

"సూసినావా తాతా, నోరు సూసినావా?"

మంగ్లు చుట్ట ఆర్పాడు. "ఈశ్వరమ్మా, గుంట బతికింది, బాగుంది. అలాగని ఒకలింటి గోడ ఒకలు పొడిత్తే ఊరు ఊరులా ఉండదు. రేపు నువ్వే ఎల్లి ఆ కంతలు పూడ్సు. పూడ్సినాక ఆ గుమ్మం ఎక్కకు."

ఎదురు చెప్పడానికి లేదు. ఊరి పెద్ద మాట కాదంటే ఊళ్లో నీళ్లు కూడా ఇవ్వరు. మర్నాడు పొద్దెక్కాక ఈశ్వరమ్మ బేసిన్లో సిమెంటు, ఇసుక కలుపుకుని వెళ్లింది. పూడ్చాక మళ్లీ ఎప్పుడు పొడవాలా అని దారిలో ఆలోచిస్తూనే ఉంది. సోములమ్మ నడుంమీద చేతులు పెట్టుకుని కాపలా నిలబడింది. ఈశ్వరమ్మ బల్ల జరిపి ఎక్కబోయింది.

"దిగు" అంది హేమలత.

మంచం మీద కూర్చుని ఉంది. బిడ్డను రొమ్ముకు అద్దుకుని, పైన రెండు దుప్పట్లు కప్పుకుని ఉంది. పెదాలు చలికి పగిలాయి.

"మంగ్లు పూడ్సమన్నాడు" అంది ఈశ్వరమ్మ.

"దిగమన్నాను. నిన్ను సూత్తే నాకు వొళ్లు మండుతాది సిన్నమ్మా. మాయమ్మని అన్న మాటలు సచ్చేదాకా మర్సిపోను. గాని ఆ కంతలు ముట్టొద్దు. ఈ గదిలో పడుకునేది నానూ నా గుంటా. ఉంచాలో మూయాలో నాను సూసుకుంటాను."

సోములమ్మ కస్సుమంది. "పెద్దమనిసి మాట కాదంటావేటే?"

"మంగ్లు తాతనే రమ్మను అత్తా. ఒక కుంపటెట్టుకుని, కంతలు మూసుకుని, గడియేసుకుని రేతిరంతా ఈ గదిలో తొంగోమను. తెల్లారి లేత్తే అప్పుడు పూడుద్దాం."

సోములమ్మ గుమ్మం దాటి వెళ్లిపోయి, కాసేపటికి పెరట్లో గిన్నెలు ఎత్తెత్తి పడేయడం మొదలుపెట్టింది.

ఈశ్వరమ్మ బల్ల దిగింది. బేసిన్ నెత్తికెత్తుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"కంతలోంచి వచ్చే సలి గుంట తలకి తగులుతాది. టోపీ పెట్టు. మంచం అవతలి గోడకి జరుపుకో."

"తెలుసు. ఎల్పో."

ఈశ్వరమ్మ వెళ్లిపోయింది. వాకిలి దాటుతుండగా వెనక గదిలో మంచం కోళ్లు నేలమీద గీరుకుంటూ అవతలి గోడవైపు జరుగుతున్న చప్పుడు వినబడింది.